ఫెంటన్‌తో ఆరేళ్లు: మంచీ చెడూ, మధ్యలో బురద

ఫెంటన్ (ఫ్యాక్టరీ మురికినీళ్లని పెరాక్సైడ్, ఇనుముతో శుద్ధి చేసే పద్ధతి) పెట్టించాలా వద్దా అని ఈ మధ్య ముగ్గురు అడిగారు, ముగ్గురికీ ఫోన్లో చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. మాది సంగారెడ్డి జిల్లాలో ఓ బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్, నేను ఈటీపీ, అంటే మురికినీళ్ల శుద్ధి ప్లాంటు చూస్తాను. ఫెంటన్ మొదలుపెట్టి ఆరేళ్లు దాటింది. అమ్మేవాళ్లు ఎలాగూ చెప్పేవి వదిలేసి చెప్పనివే ఎక్కువ రాస్తాను.

పద్ధతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. యాసిడ్ వేసి నీళ్ల పీహెచ్‌ని 3 దగ్గరకి దించి, అన్నభేది కరిగించి (అదేనండీ, ఫెర్రస్ సల్ఫేట్, ఆకులు పసుపెక్కితే మా నాన్న నిమ్మచెట్లకి కొట్టేది ఇదే), పైనుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ మెల్లగా వదులుతాం. ఇనుము తగిలి పెరాక్సైడ్ విరిగితే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. దాని దూకుడు ఓజోన్‌కి కూడా లేదు, ఎదురైన ఆర్గానిక్ అణువునల్లా కొరుకుతుంది. ఫెంటన్ అనే ఇంగ్లండ్ కెమిస్టు 1894లో టార్టారిక్ యాసిడ్ మీద దీన్ని చూపించాడు, మన చింతపండు పులుపులో ఉండే యాసిడే.

మేం ఎందుకు పెట్టామంటే, ఎంఈఈ (మురికినీళ్లని మరిగించి ఆవిరి చేసే యంత్రం) నుంచి వచ్చే కండెన్సేట్, అంటే ఆవిరి చల్లారి మారిన నీళ్ల వల్ల. చూడ్డానికి మంచినీళ్లలా ఉంటుంది, ముక్కు దగ్గర పెడితే అసలు సంగతి తెలుస్తుంది. సీఓడీ (నీళ్లలోని మురికిని కాల్చడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే అంకె) లీటరుకి 4,000 మిల్లీగ్రాముల చుట్టూ తిరిగేది. అది ఏరేషన్ ట్యాంకులోకి (గాలి ఊదుతూ బ్యాక్టీరియాతో మురికి తినిపించే ట్యాంకు) వెళ్లిన వారానికల్లా తెల్లటి నురగ వచ్చేది, బ్యాక్టీరియా పోయేది, మళ్లీ ట్రాక్టర్ పెట్టి పేడ తెప్పించి సీడింగ్ (కొత్త బ్యాక్టీరియాని వెయ్యడం) మొదలు. నెల తిరక్కుండా ఇదే గోల.

పెట్టిన కొత్తలో అందరిలాగే నేనూ సీఓడీ ఎంత తగ్గుతుందా అనే చూశాను. ఆ లెక్క వేస్తే కళ్లు తిరుగుతాయి. కిలో సీఓడీని పూర్తిగా కాల్చాలంటే కాగితం మీదే 2.125 కిలోల పెరాక్సైడ్ కావాలి. 4,000 సీఓడీ ఉన్న 20 కిలోలీటర్ల బ్యాచ్‌లో 80 కిలోల సీఓడీ ఉంటుంది, అంటే 170 కిలోల పెరాక్సైడ్, మేం కొనే 50 శాతం ద్రావణంగా అయితే 340 కిలోలు. ప్రతి బ్యాచ్‌కీ అంత పోస్తే పర్చేజ్ వాళ్లు నన్నే పోస్తారు ట్యాంకులో. అంత పోసినా చివర్లో మిగిలే ఎసిటిక్, ఆక్సాలిక్ లాంటి చిన్న యాసిడ్లు ఫెంటన్‌కి ఓ పట్టాన లొంగవు. కానీ ఎసిటిక్ అంటే బ్యాక్టీరియాకి పాయసం. ఇది బుర్రకెక్కడానికి నాకు ఏడాది పట్టింది. పెద్ద అణువుని ముక్కలు చేసేంత వరకే ఫెంటన్ పని, మిగతాది బ్యాక్టీరియాకి వదిలెయ్యాలి.

అప్పట్నుంచి ఆ లెక్కలో నాలుగో వంతు, అంటే 85 కిలోలే పోస్తున్నాం, అన్నభేది 21 కిలోలు. సీఓడీ తగ్గేది కొంచెమే, మేనేజర్ మొహం అంతగా వెలగదు. మరి పెట్టి లాభమేంటి అంటే, ఏరేషన్ ట్యాంకు బతికింది. పేడ ట్రాక్టర్ వచ్చి నాలుగేళ్లయింది. అయినా సీఓడీ ఒక్కటే చూస్తే మోసపోతాం. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు దగ్గర శుద్ధి చేసి వదిలిన నీళ్లలోనే లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని చూపించారు. సీఓడీగా లెక్కేస్తే అది 50 చుట్టూ ఉంటుంది, రిపోర్టులో ఎవరూ పట్టించుకోని అంకె. బ్యాక్టీరియాకి అయితే విషం.

సీఓడీ మోసం ఇంకోటి ఉంది, దీంతో రెండు నెలలు నిద్ర లేదు. కొన్ని బ్యాచ్‌లు ట్రీట్ చేశాక సీఓడీ అనుకున్నదానికన్నా ఎక్కువ వచ్చేది. ల్యాబ్‌ అమ్మాయిని అనవసరంగా కసిరాను కూడా. తీరా చూస్తే మిగిలిపోయిన పెరాక్సైడ్, సీఓడీ పరీక్షలో వాడే డైక్రోమేట్‌ని తినేస్తోంది. లీటరుకి 300 మిల్లీగ్రాములు మిగిలితే సీఓడీ ఉత్తపుణ్యానికి 140 దాకా ఎక్కువ చూపిస్తుంది. ఇప్పుడు ముందు పెరాక్సైడ్ ఉంటే రంగు మారే స్ట్రిప్ ముంచి చూసి, పెరాక్సైడ్ లేదని తేలాకే శాంపిల్ పంపుతాం. ఆ అమ్మాయికి సారీ చెప్పాను, నవ్వి ఊరుకుంది.

అసలు రియాక్షన్ చూడ్డం బాగుంటుంది. లేత ఆకుపచ్చ నీళ్లు పెరాక్సైడ్ పడగానే డికాషన్ రంగులోకి మారి, సన్నటి బుడగలు లేచి, గంట గంటన్నరకి మళ్లీ పలచబడతాయి. పీహెచ్ దానంతటదే ఇంకాస్త దిగితే పని జరుగుతున్నట్టే. తొందరపడితే మాత్రం చుక్కలు చూపిస్తుంది. మొదటి సంవత్సరం ఓ నైట్ షిఫ్టులో ఆపరేటర్ టీకి వెళ్లాలని డోసింగ్ వాల్వ్ మొత్తం తెరిచాడు. నేను వెళ్లేసరికి గోధుమరంగు నురగ ట్యాంకు అంచు దాటి మెట్ల మీదుగా దిగుతోంది, ట్యాంకు గోడ చెయ్యి పెట్టలేనంత వేడి. స్ట్రిప్పర్ (నీళ్లలోంచి సాల్వెంట్ లాగేసే యంత్రం) సరిగా పనిచెయ్యక సాల్వెంట్ మిగిలిన రోజైతే కథ ఇంకోలా ఉండేది, పైన పెరాక్సైడ్ విడిపోయి వచ్చిన ఆక్సిజన్, కింద సాల్వెంట్ ఆవిరి, నిప్పంటుకునే జోడీ. ఇప్పుడు డోసింగ్ పంపుకి ఉష్ణోగ్రత ఇంటర్‌లాక్ ఉంది, 40 డిగ్రీలు దాటితే ఆగిపోతుంది. వేడెక్కితే పెరాక్సైడ్ ఊరికే విడిపోయి డబ్బులు బుడగలుగా పోతాయి కూడా.

ఇక బురద. మళ్లీ పీహెచ్ పెంచాలి కదా, సున్నం వేస్తే ఇనుము మొత్తం ఎర్రటి పేస్టులా దిగుతుంది. కిలో ఇనుముకి దాదాపు 1.9 కిలోల హైడ్రాక్సైడ్, అదీ ఎండు లెక్కలో. మేం పీహెచ్ దించింది సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కాబట్టి దానికి జిప్సం తోడవుతుంది. బురదలోంచి నీళ్లు పిండే ఫిల్టర్ ప్రెస్ గుడ్డలు రెండు నెలలకే బిగుసుకుపోతాయి. పిండాక మిగిలే కేకు ప్రమాదకర వ్యర్థం కిందే లెక్క, దుండిగల్‌లోని వ్యర్థాల కేంద్రానికి పంపాలి, టన్నుకింత అని కట్టాలి. సున్నం బదులు కాస్టిక్ సోడా వాడి చూశాం, బురద తగ్గింది కానీ టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) పెరిగి ఆర్వో వాళ్లు గొడవ పెట్టారు. కొటేషన్లో కెమికల్స్ ఖర్చు రాస్తారు, ఈ బురద ఖర్చు లైన్ ఉండదు. అడిగి రాయించుకోండి.

ఉప్పు ఎక్కువున్న నీళ్లకి ఇది వద్దు. క్లోరైడ్ రాడికల్స్‌ని మధ్యలోనే మింగేస్తుంది. హై టీడీఎస్ నీళ్ల మీద మేం నెల ప్రయత్నించి మానేశాం. ఓజోన్ డెమో కూడా చేయించాం, బురద ఉండదు, హాయి, కానీ కరెంటు బిల్లు చూసి మావాళ్లు మర్యాదగా పంపించేశారు. హైపో (సోడియం హైపోక్లోరైట్) చవక అని ఎవరైనా చెప్తే వినకండి, క్లోరిన్ ఎక్కిన ఆర్గానిక్స్ పుడతాయి, అవి ఇంకా మొండివి.

నా మార్కులు ఐదుకి మూడున్నర, ఆ ఒకటిన్నర బురదకే పోయింది.

పోయిన వేసవిలో పెరాక్సైడ్ కార్బాయ్‌లని (పెద్ద క్యాన్లని) ఎండలోంచి షెడ్డులోకి మార్చాం. ఎవరో గాలి పోయే మూత తీసి మామూలు మూత బిగించారు, అది బంతిలా ఉబ్బి కూర్చుంది. మెల్లగా వదులు చేసిన కుర్రాడి వేళ్లు సున్నంలో ముంచినట్టు తెల్లబడ్డాయి, సాయంత్రానికి తగ్గింది. అప్పట్నుంచి గ్లవ్స్ వేసుకుంటున్నాడు. ఫేస్ షీల్డ్ మాత్రం ఇంకా గోడకే వేలాడుతోంది.