ఆర్చ్‌టాప్ జాజ్ గిటార్లు: ఎల్-5, ఇఎస్-175, జీబీ10 నాదంలోనూ స్పర్శలోనూ తేడాలు

వయొలిన్‌కు ఉన్నట్లు కమానుగా ఉబికిన పై పలక, ఎఫ్ అక్షరం ఆకారంలో రెండు రంధ్రాలు, అతికించకుండా కేవలం తీగల ఒత్తిడితోనే నిలిచే బ్రిడ్జ్ (తీగలను మోసే చెక్క ముక్క) ఆర్చ్‌టాప్ గిటార్ ప్రధాన లక్షణాలు. 1922లో లాయిడ్ లోర్ ఆధ్వర్యంలో గిబ్సన్ సంస్థ తెచ్చిన ఎల్-5తో ఈ రూపం స్థిరపడింది. అప్పట్లో ట్రంపెట్ల, డ్రమ్స్ హోరు మధ్య లయ వినిపించడమే ఈ వాద్యం చేయవలసిన పని. పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం), యాంప్లిఫయర్ వచ్చాక ఆ పని మారిపోయింది. అందుకే ఈ గిటార్లను పోల్చేటప్పుడు సంస్థ పేరునూ, చెక్క మీది మెరుగునూ పక్కన పెట్టి, పై పలకను ఎలా తయారు చేశారు, పికప్‌ను ఎక్కడ బిగించారు అనే రెండు విషయాలను ముందుగా చూడాలని నా అభిప్రాయం.

1951లో వచ్చిన ఎల్-5 సిఇఎస్ (పికప్‌లు బిగించిన ఎల్-5) పై పలక పొరలు అతికించని స్ప్రూస్ చెక్కను లోపలా బయటా తొలిచి తీర్చినది. వెనుక పలక, పక్కలు మేపుల్. ఒడిలో పెట్టుకోగానే 17 అంగుళాల వెడల్పు తెలిసిపోతుంది. కుడి మోచేయి బయటికి జరగక తప్పదు, కూర్చునే తీరు సరిగా లేకపోతే భుజం త్వరగా అలసిపోతుంది. ఆ శ్రమకు ఫలితం నాదంలో దక్కుతుంది. మంద్ర స్వరాలు వెడల్పుగా, గుండ్రంగా వస్తాయి. బొటనవేలితో మీటితే స్వరం మొదలు మెత్తగా ఉండి, వెనువెంటనే నిండుతుంది. జాజ్ గిటారిస్ట్ వెస్ మాంట్‌గోమరీ ఒకే స్వరాన్ని రెండు స్థాయుల్లో జంటగా మీటి వాయించిన పద్ధతికి ఈ వాద్యం ఎందుకు అంతగా అమరిందో నాలుగు స్వరాలు పలికించి చూస్తే అర్థమవుతుంది. అయితే పలకలోనే రెండు పికప్‌లు దింపడం వల్ల పికప్ లేని పాత ఎల్-5కు ఉన్న సహజమైన బిగ్గరతనం దీనికి ఉండదు. మరోపక్క, సులువుగా కంపించే పలక కనుక, శబ్దం పెంచి స్పీకర్‌కు ఎదురుగా కూర్చుంటే ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ ధ్వనికి పలక తిరిగి కంపించి పుట్టే ఊళ) అందుకుంటుంది.

1949 నాటి గిబ్సన్ ఇఎస్-175ను పలుచని మేపుల్ పొరలు అతికించిన పలకలతో తయారు చేశారు. దీనిని చౌక రకంగా భావించేవారి మాటను నేను అంగీకరించను. అతికించిన పలక బిరుసుగా ఉండి తక్కువగా కంపిస్తుంది. యాంప్లిఫయర్ లేకుండా వాయిస్తే నాదం చిన్నదిగా, కాస్త పొడిగా ఉండే మాట నిజమే. యాంప్లిఫయర్‌కు తగిలించినప్పుడు మాత్రం ఆ లక్షణమే మేలు చేస్తుంది. పిక్ (మీటే బిళ్ల) తగలగానే ‘టక్’మని చెక్క గొంతు వినిపిస్తుంది, స్వరం త్వరగా వెనక్కి తగ్గి తరువాతి స్వరానికి చోటిస్తుంది. వేగంగా సాగే మనోధర్మ వాదనలో ఒక్కొక్క స్వరం విడివిడిగా తెలియడానికి ఇంతకంటే మంచి గిటార్ నాకు తారసపడలేదు. ఈ గిటార్‌ను వాయించిన జో పాస్ వాదన శ్రద్ధగా వింటే ఈ స్పష్టత తెలుస్తుంది. తీగ పొడవు 24.75 అంగుళాలు, అంటే 25.5 అంగుళాల ఎల్-5 సిఇఎస్ కంటే తక్కువ; కనుక అదే మందం తీగలు కూడా వేళ్ల కింద కొంత మెత్తగా ఉంటాయి, దూరంగా సాగే కార్డ్‌లు సులువుగా అందుతాయి. మొదట్లో దీనికి పి-90 పికప్ ఉండేది. 1957 నుంచి హమ్‌బకర్లు (హమ్‌ను, అంటే విద్యుత్ రొదను, అణిచే పికప్‌లు) వచ్చాయి. పి-90లో కొంచెం గరుకుదనం, దానితోపాటు హమ్ కూడా ఉంటాయి. నాకు ఆ గరుకుదనమే ఇష్టం.

జాజ్ గిటారిస్ట్ జార్జ్ బెన్సన్ కోసం ఐబనేజ్ సంస్థ 1970ల చివర్లో రూపొందించిన జీబీ10 దారి వేరు. దేహం చిన్నది, పికప్‌లు పలకను తాకకుండా తేలుతూ ఉంటాయి. పికప్‌ను పలకకు దూరంగా ఉంచే ఈ పద్ధతి 1961 నాటి గిబ్సన్ జానీ స్మిత్ నమూనాలోనూ ఉంది. అయితే అక్కడ పెద్ద దేహపు ధ్వనిని కాపాడటమే ముఖ్యం. జీబీ10లో చిన్న దేహం ఫీడ్‌బ్యాక్‌ను అదుపు చేస్తుంది, తేలే పికప్‌లు స్వరం మొదటి మెరుపును నిలుపుతాయి. పై స్థాయి స్వరాలు తేటగా ఉంటాయి. మంద్రంలో మాత్రం ఎల్-5 నిండుదనాన్ని ఆశించకూడదు.

కౌంట్ బేసీ జాజ్ బృందంలో గిటారిస్ట్ ఫ్రెడ్డీ గ్రీన్ 1937 నుంచి 1987 వరకు వాయించిన తరహా లయ కావాలంటే ఈ మూడింటిలో ఏదీ సరిపోదు. అందుకు పికప్ కోసం పలక కోయని చెక్కుడు గిటార్, బరువైన తీగలు, కాస్త ఎత్తుగా బ్రిడ్జ్ కావాలి. ఎడమ చేతి వేళ్లను నొక్కిన వెంటనే సడలిస్తే, దెబ్బ బిగ్గరగా పుట్టి అంతలోనే ఆగిపోతుంది.

ఇటువంటి పోలికలో తీగలు తరచుగా దారి తప్పిస్తాయి. నునుపైన ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసిన గిటార్‌నూ, గరుకైన రౌండ్‌వౌండ్ తీగలు వేసిన గిటార్‌నూ పక్కపక్కన విని ఏ చెక్క మంచిదో తేల్చడం కుదరదు. రెండింటికీ ఒకే రకం, ఒకే మందం తీగలు వేయించి, మూడో తీగకు లోహపు చుట్టు ఉన్నదో లేదో చూసుకుని, ఒకే యాంప్లిఫయర్‌పై వినాలి. తీగలను ఒక్కొక్కటిగానే మార్చాలి. అన్నీ ఒకేసారి విప్పితే బ్రిడ్జ్ జరిగి, పన్నెండో ఫ్రెట్ (మెట్టు) దగ్గర శ్రుతి తప్పుతుంది.