థాయ్ మసాజా? చాప మీదా, బల్ల మీదా అని అడిగాకే వెళ్ళండి

నేను గవర్నర్‌పేటలో మెడికల్ షాపులో చేస్తా, పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి రాత్రి పది దాకా కౌంటర్ దగ్గర నిలబడటమే పని, స్టూల్ ఉంది గానీ దాని మీద ఎప్పుడూ సెలైన్ కార్టన్లే కూర్చుంటాయి. పదేళ్ళకి పిక్కలు రాళ్ళయిపోయాయి, నడుం సంగతి సరే సరి. షాపులో ఉన్న జెల్లులన్నీ ముందు నా మీదే ట్రై చేశా. మా బామ్మర్ది బ్యాంకాక్ వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి థాయ్ మసాజ్ చేయించుకో బావా అని ఒకటే పోరు, సరే చూద్దాం అని బెజవాడలో వెతకడం మొదలెట్టా.

నాలుగు చోట్లకి ఫోన్ చేస్తే మూడు చోట్ల బల్ల మీద పడుకోబెట్టి నూనె రాసి రుద్దడాన్నే థాయ్ అంటున్నారు. ఒకాయన అయితే "మీకెలా కావాలంటే అలా చేస్తాం సార్" అన్నాడు, ఆ గొంతు వినగానే కట్ చేసేశా. అసలు థాయ్ వాళ్ళ పద్ధతిలో నూనె లేదు, బట్టలు విప్పేది లేదు, వదులు కాటన్ డ్రెస్ ఇచ్చి నేల మీద చాపలాంటి పరుపేసి చేస్తారు. అలా చేస్తాం అన్న నాలుగోది మొగల్రాజపురంలో ఒక మేడ మీద ఉంది. పేరు రాయను, ఎందుకో కింద తెలుస్తుంది.

చేసే కుర్రాడిది మిజోరం, సన్నగా ఉన్నాడు, వీడేం నొక్కుతాడులే అనుకున్నా. ముందు నా పాదాల దగ్గర కూర్చుని కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాడు. ఏంటి బాబూ అంటే గురువుగారికి అన్నాడు. ఆ గురువు ఎవరనుకున్నారు, బుద్ధుడికి వైద్యం చేసిన మగధ జీవకుడు, థాయ్ వాళ్ళు ఇప్పటికీ తమ వైద్యానికి ఆయన్నే మూలపురుషుడు అనుకుంటారు. పక్కనే అమరావతి స్తూపం పెట్టుకుని కార్తీక మాసంలో పులిహోర పొట్లాలతో పోయొస్తాం గానీ ఈ పేరు నేనైతే ఎప్పుడూ విన్లేదు. బామ్మర్ది ఫోన్‌లో బ్యాంకాక్‌లోని వాట్ ఫో గుడి ఫోటోలున్నాయి, రాతి పలకల మీద మనిషి బొమ్మ, ఒళ్ళంతా గీతలు, గీత చివర చుక్కలు. 1830ల్లో వాళ్ళ రాజు మూడో రాముడు చెక్కించాడట, జనం చూసి నేర్చుకుంటారని. 2019లో యునెస్కో వాళ్ళు ఈ విద్యని వారసత్వ జాబితాలో కూడా పెట్టారు.

ఆ గీతల్నే సెన్ అంటారు, ముఖ్యమైనవి పది. ఇత్థా, పింగ్‌ఖలా, సుమనా అని చదువుతూ ఉంటే ఇవెక్కడో విన్నట్టుందే అనిపించింది, తీరా చూస్తే మన యోగాలో చెప్పే నాడులే, ఇడ, పింగళ, సుషుమ్న. వాటిల్లో గాలి ఆగితే నొప్పంటారు. ఒళ్ళు కోసి చూస్తే కనపడే నరాలు కావివి, నేను వాటి జోలికి పోను, కండరం సాగదీస్తే సుఖంగా ఉంటుంది, నాకది చాలు.

మొదలు అరికాళ్ళ నుంచే. చేతులు వంచకుండా చాపి ఒళ్ళంతా ముందుకి వాల్చి నొక్కుతాడు, అందుకే ఆ బక్క ప్రాణి బరువు మొత్తం నా అరికాలి మీద పడింది, మణికట్టు బలంతో పనే లేదు. ఉయ్యాల ఊగినట్టు ముందుకీ వెనక్కీ, బొటనవేళ్ళు మోకాలి దాకా మెల్లిగా నడుచుకుంటూ పోతాయి. పిక్క దగ్గరికొచ్చేసరికి మోకాలు ఆనించాడు చూడండీ, అమ్మా అని అరిచేశా, పక్క గదిలో ఎవరో నవ్వారు కూడా. "ఊపిరి వదలండి సార్" అని వదిలేదాకా ఆగి అప్పుడు దించుతున్నాడు. తర్వాత బోర్లా పడుకోబెట్టి రెండు చేతులూ వెనక్కి లాగి పైకి లేపితే భుజంగాసనం దానంతటదే వచ్చేసింది, మనం ఒళ్ళు వంచక్కర్లేకుండా ఇంకొకళ్ళు మన చేత యోగా చేయించడం అన్నమాట. చివర్లో పాదాలతో తొడల మీద తొక్కాడు. మా నాన్న పొలం నుంచి రాగానే బోర్లా పడుకుని మమ్మల్ని గోడ పట్టుకుని వీపు మీద తొక్కమనేవాడు, అదే గుర్తొచ్చింది.

ఇక్కడిదాకా కుర్రాడికి ఫుల్ మార్కులు. ఆ మసాజ్ సెంటర్ వాళ్ళతోనే నా గొడవ.

ఒకటి, నాకు బీపీ ఉందా అని ఒక్కళ్ళు అడగలేదు. నేను రోజూ మాత్ర వేసుకుంటా, నేనే చెప్పాను కాబట్టి సరిపోయింది. జ్వరం ఉన్నా, ఎముకలు గుల్లబారినా, కాల్లో రక్తం గడ్డ కట్టినా, ఈమధ్యే ఆపరేషన్ అయినా ఇలా తొక్కించుకోకూడదు, గర్భిణీలైతే డాక్టర్ని అడక్కుండా అసలొద్దు. పడుకోబెట్టే ముందే అడగాల్సినవి ఇవి.

రెండు, మూలికల మూట అని 600 ఎక్స్‌ట్రా తీసుకున్నారు. థాయ్ వాళ్ళు ప్లై అని అల్లం జాతి దుంప, పసుపు, నిమ్మగడ్డి, కర్పూరం గుడ్డలో కట్టి ఆవిరి మీద వేడి చేసి అద్దుతారు, మా అమ్మమ్మ వావిలాకు మూటతో కాపడం పెట్టినట్టే. ఇక్కడ కర్టెన్ వెనక టింగ్ అని మైక్రోవేవ్ మోగింది, మూట వచ్చింది, వాసన చూస్తే నేను రోజుకి పాతిక డబ్బాలు అమ్మే నొప్పుల బామ్. పైన వేడి, లోపల చల్లారిపోయింది.

మూడు, 90 నిమిషాలకి 2,500 అన్నారు, గడియారం చూస్తే 72కే లేపేశారు. అడిగితే డ్రెస్ మార్చుకునే టైమ్ కూడా కలిపే అంటుంది కౌంటర్ అమ్మాయి, అంతలోనే మెంబర్షిప్ కార్డు తీసి ముందు పెట్టింది. పద్దెనిమిది నిమిషాలు డ్రెస్ మార్చుకోడానికి నేనేమన్నా పెళ్ళికొడుకునా తల్లీ అన్నా, నవ్వింది గానీ రూపాయి తగ్గించలేదు.

రెండ్రోజులు ఒళ్ళంతా పచ్చిపుండే, కొత్తగా జిమ్ముకెళ్ళినట్టు. మూడో రోజు పిక్కలు నొక్కి చూసుకుంటే మెత్తగా ఉన్నాయి, రాత్రి షాపు కట్టేసి మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోలేదు. నడుం మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. మళ్ళీ వెళ్తా, ఆ కుర్రాడి డ్యూటీ ఎప్పుడో కనుక్కుని, మూట వద్దని ముందే చెప్పి. బండి పెట్టడానికి మాత్రం చోటు లేదు, మెయిన్ రోడ్డు మీద పెట్టి సందులోకి నడవాల్సిందే.