గాంధీ రోడ్డు డీటీపీ షాపులో హమ్మింగ్‌బర్డ్ చార్టు వేయించాను

మా బడి సైన్స్ గదికి హమ్మింగ్‌బర్డ్‌ల వంశవృక్షం చార్టు కావాలని తిరుపతి గాంధీ రోడ్డులో ఒక డీటీపీ షాపుకి వెళ్లాను. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఫ్లెక్స్, మ్యాట్ లామినేషన్, డిజైన్‌తో కలిపి 850 రూపాయలు.

మొదటి ప్రూఫ్ చూసి బాధేసింది. యూనికోడ్‌లో (ఫోన్‌లో టైప్ చేసే మామూలు తెలుగులో) ఇచ్చిన పేర్లు వాళ్ల ఫాంట్‌లోకి మారేసరికి ఒత్తులు ఊడిపోయాయి. "లాంపోర్నిస్" చదవడానికే రాలేదు. అంతకంటే పెద్ద తప్పు కొమ్మల్లో ఉంది. డిజైన్ చేసే అబ్బాయి కొండల్లో ఉండే పిట్టలన్నింటినీ ఒకే కొమ్మకి చేర్చేశాడు. "అన్నీ కొండపిట్టలే కదా మేడమ్, ఒకచోట ఉంటే నీట్‌గా ఉంటుంది" అన్నాడు.

పక్కన కూర్చుని చెప్పాను. డీఎన్‌ఏ చూసి 2014లో వేసిన వృక్షంలో తొమ్మిది గుంపులున్నాయి. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో ఎక్కువగా ఉండే కాకెట్లు, బ్రిలియంట్లు అనే రెండు గుంపులు ఒకదానికొకటి దగ్గరి చుట్టాలు. మౌంటెన్ జెమ్స్ వేరే కొమ్మ. మెక్సికో, మధ్య అమెరికా కొండల్లో ఎక్కువగా కనిపించే ఈ గుంపులో ఏడు ప్రజాతులు (దగ్గరి జాతులను కలిపి పెట్టే పేరు, జీనస్). లాంపోర్నిస్ వాటిలో ఒకటి. మౌంటెన్ జెమ్స్‌కి దగ్గరి చుట్టం "బీ" గుంపు. అందులోనే ప్రపంచంలోకెల్లా చిన్న పిట్ట, క్యూబాలో ఉండేది, ఉంది. కొండ ఒకటైతే వంశం ఒకటవ్వాలని లేదు.

అబ్బాయి శ్రద్ధగా విని, "మా ఇంట్లో మందారం మీదికి వచ్చేది ఏది మేడమ్?" అని అడిగాడు. ఆ ప్రశ్న నాకు చాలా నచ్చింది. అది తేనెపిట్ట, పిచ్చుకల వరుసలోది. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లోనే ఉంటాయి, స్విఫ్ట్ అనే పిట్టలకు దగ్గరి చుట్టాలు. రెండూ పూలతేనె తాగడం వల్లే ఒకేలా అనిపిస్తాయి.

అప్పటికప్పుడు కొమ్మలన్నీ మార్చాడు, అదనంగా ఒక్క రూపాయి అడగలేదు. ఒక హమ్మింగ్‌బర్డ్‌కి నేనే ఇచ్చిన పాత పేరు "మాగ్నిఫిసెంట్" కూడా మార్పించాను. 2017లో దాన్ని రివోలీ, తలమంకా అని రెండు జాతులు చేశారు. రివోలీ గొంతు ఆకుపచ్చగా మెరవాలి, ప్రింటులో నల్లగా పడింది. ఆ మెరుపు ఈకల్లోని సన్నటి పొరల మీద వెలుగు పడితే వచ్చేది, కోణం మారితే నలుపే. వెలుగు ఎదురుగా పడిన ఫొటో ఇచ్చాక బాగానే వచ్చింది.

చెప్పిన రోజుకి కాకుండా రెండు రోజులు ఆలస్యంగా ఇచ్చారు. అందుకే ఐదుకి నాలుగు. వెళ్లేవాళ్లు మ్యాటర్ పీడీఎఫ్‌లో తీసుకెళ్లండి, ఒత్తులు చెదరవు.