శవాల సైన్యంతో హీలర్: గిల్డ్ వార్స్ నెక్రోమాన్సర్ మీద నా రివ్యూ

హీలర్ (తోటివాళ్లకి వైద్యం చేసే పాత్ర) ఆడమంటే పార్టీలో ఎవరూ ముందుకు రారు. వెనకాల నిలబడి అందరి హెల్త్ బార్లు చూస్తూ కూర్చోవాలి, ఎనర్జీ అయిపోతే చేతులెత్తేయాలి, పార్టీ మొత్తం చస్తే తిట్లు మాత్రం మనకే. నాకు మాత్రం హీలర్ ఆడటమే ఇష్టం, ఏ గేమ్ పట్టుకున్నా అదే ఆడతాను. ఇన్నాళ్లలో ఆడిన హీలర్లందరిలోకీ మొదటి గిల్డ్ వార్స్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో నెక్రోమాన్సర్‌తో (శవాల్ని లేపే మాంత్రికుడు) కట్టుకున్న హీలరే నాకు బెస్ట్. పక్కన ఎముకల బొమ్మల గుంపు నడుస్తుంటే, అవి చచ్చినప్పుడల్లా వచ్చే శక్తితో బతికున్నవాళ్లకి వైద్యం చేయడం. మన శుక్రాచార్యుడికి మృతసంజీవనితో పాటు సొంత సైన్యం కూడా ఇస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

గేమ్ కొత్తది కాదు. అరీనానెట్ వాళ్లు 2005 ఏప్రిల్‌లో తెచ్చారు, 2006లో ఫ్యాక్షన్స్, నైట్‌ఫాల్ అని ఇంకో రెండు క్యాంపెయిన్లు (విడివిడి కథలు) వచ్చాయి. ఒకసారి కొంటే చాలు, నెలనెలా కట్టేది ఏమీ లేదు. గచ్చిబౌలిలో ఆఫీసు అయిపోయి, ఆ ట్రాఫిక్ అంతా దాటుకుని ఇల్లు చేరాక మిగిలేది రోజుకి గంటో గంటన్నరో, వారంలో కొన్ని రోజులు అదీ ఉండదు. నెల ఫీజు కట్టి ఆడకపోతే డబ్బు వేస్ట్ అయిందన్న టెన్షన్ ఒకటి ఉంటుంది కదా, ఇక్కడ అది లేదు. పైగా లెవెల్ 20 దగ్గర ఆగిపోతుంది, ఆ తర్వాత అంతా మన స్కిల్స్ ఎంపిక మీదే నడుస్తుంది. ఒకసారికి ఎనిమిది స్కిల్స్ మాత్రమే తీసుకెళ్లగలం, అందులో ఎలైట్ (అన్నిటికంటే బలమైన రకం) ఒక్కటే. ఊళ్లోకి వస్తే ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

అసలు కిటుకు సోల్ రీపింగ్ దగ్గర ఉంది. ఈ గేమ్‌లో ప్రతి క్యారెక్టర్‌కి రెండు వృత్తులు ఉంటాయి, మొదటిది మారదు, రెండోది తర్వాత మార్చుకోవచ్చు. మొదటి వృత్తి నెక్రోమాన్సర్ అయితేనే సోల్ రీపింగ్ అనే గుణం దొరుకుతుంది, పాయింట్లు పెట్టి దాని ర్యాంకు పెంచుకోవాలి. దగ్గర్లో ఏ ప్రాణి చచ్చినా, ఆ ర్యాంకు ఎంతుంటే అంత ఎనర్జీ వచ్చి పడుతుంది, పదిహేను సెకన్లలో మూడు చావుల దాకా. లెక్క చూడండి. మామూలుగా ఊరికే నిలబడితే పదిహేను సెకన్లకి 20 ఎనర్జీ తిరిగొస్తుంది. సోల్ రీపింగ్ 9 ఉంటే మూడు చావులకి ఇంకో 27. అంటే సగం కంటే ఎక్కువ చావుల నుంచే వస్తోంది. 5 ఎనర్జీ హీల్ స్పెల్స్ అయితే అదనంగా ఐదు వేయొచ్చు. మిగతా హీలర్లు యుద్ధం ముదిరేకొద్దీ ఖాళీ అయిపోతారు, ఈ హీలర్ యుద్ధం ముదిరేకొద్దీ నిండుతుంది. మన మినియన్లు (శవాల నుంచి లేపిన బొమ్మలు) చచ్చినా లెక్కలోకి వస్తాయి, అందుకే శవాల సైన్యమూ వైద్యమూ ఇంత బాగా అతికాయి.

రెండో వృత్తిగా రిచువలిస్ట్ (ఆత్మల్ని పిలిచేవాడు) తీసుకోండి. మాంక్ (మామూలు హీలర్ వృత్తి) కూడా పెట్టుకోవచ్చు కానీ నా ఓటు రిచువలిస్ట్ వైద్య విద్య రెస్టరేషన్‌కే. నా ఎనిమిది స్కిల్స్ బార్ ఇది: మెండ్ బాడీ అండ్ సోల్, స్పిరిట్ లైట్, లైఫ్ అనే స్పిరిట్ (ఒకచోట నిలిచే ఆత్మ), ప్రొటెక్టివ్ వాజ్ కావొలై, తర్వాత యానిమేట్ బోన్ మినియన్స్, ఎలైట్‌గా యానిమేట్ ఫ్లెష్ గోలెం, డెత్ నోవా, చివర్లో చచ్చినవాణ్ని లేపడానికి ఫ్లెష్ ఆఫ్ మై ఫ్లెష్. స్పిరిట్ లైట్ వేసేటప్పుడు దగ్గర్లో స్పిరిట్ లేకపోతే మన హెల్త్‌లోంచి 17 శాతం కోసేస్తుంది, అందుకే లైఫ్ ముందు పాతి పెట్టుకోవాలి. ఆ లైఫ్ కూడా గమ్మత్తైనది, ఎంతసేపు బతికితే అంత ఎక్కువ హీల్ దాచుకుని, చచ్చేటప్పుడు అందరికీ పంచిపెట్టి పోతుంది. కావొలై అయితే ఓ అస్థికల కుండ చేతిలో పట్టుకుని తిరగడం, అవసరం పడ్డప్పుడు వదిలేస్తే పార్టీ మొత్తానికి ఒకేసారి హీల్.

పాయింట్లు రెస్టరేషన్‌కి 12, డెత్ మ్యాజిక్‌కి (మినియన్లని లేపే విద్య) 10, సోల్ రీపింగ్‌కి 8 పెట్టాను. రూన్లు (కవచంలో పొదిగి ర్యాంకు పెంచేవి) మొదటి వృత్తికే పనిచేస్తాయి కాబట్టి డెత్ మ్యాజిక్‌ని టోపీతో, చిన్న రూన్‌తో 12కి తెచ్చాను, సోల్ రీపింగ్‌ని రూన్‌తో 9కి. డెత్ మ్యాజిక్ 12 ఉంటే ఒకేసారి ఎనిమిది మినియన్లు. 16 దాకా లాగితే పది వస్తాయి, కానీ దానికి పెద్ద రూన్ కావాలి, అది 75 హెల్త్ తినేస్తుంది. 480 హెల్త్ ఉన్నవాడికి 75 అంటే తక్కువేం కాదు. హీలర్ ముందు బతికి ఉండాలి, రెండు మినియన్ల కోసం ఆ బేరం నాకు నచ్చలేదు.

ఈ బిల్డ్ దమ్మేంటో థండర్‌హెడ్ కీప్ మిషన్‌లో చూశాను. అక్కడ జేలిస్ ఐరన్‌హామర్ అనే మరుగుజ్జుల రాజుని కోటకి తీసుకెళ్లి, తర్వాత ఆ కోటని కాపాడాలి, రాజు చస్తే మిషన్ పోయినట్టే. మల్కాజ్‌గిరి నుంచి మా బావ వారియర్‌గా ఉన్నాడు, నేను హీలర్, మిగతావాళ్లంతా కంప్యూటర్ నడిపే హీరోలు. బావకి ఎప్పుడూ తొందరే. దారిలో మొదటి గుంపు కనబడగానే దూకబోయాడు, "జర ఆగు బావా, ముందు ఒక శవం పడనీ" అని కాల్‌లో అరిచాను. ఒక్క శవం పడితే చాలు, రెండు బోన్ మినియన్లు లేస్తాయి, అవి ఇంకోణ్ని పడేస్తాయి, అక్కణ్నుంచి గోలెం. కోట చేరేసరికి ఎనిమిదీ నిండుగా ఉన్నాయి. గేటు దగ్గర వైట్ మాంటిల్ సైనికులు గుంపుగా వచ్చి పడ్డారు. మినియన్లు ఆ ఇరుకులో అడ్డంగా నిలబడిపోయాయి, లోపలికి దారి లేదు. చావబోతున్న వాటి మీద డెత్ నోవా వేస్తూ పోయాను, ఒక్కొక్కటీ పగిలి చుట్టూ ఉన్నవాళ్లకి దెబ్బ, పైగా విషం. అవి పగిలిన ప్రతిసారీ నా నీలం బార్ నిండుతోంది. సరిగ్గా అప్పుడే రాజు హెల్త్ సగానికి పడిపోయింది, వెంటనే స్పిరిట్ లైట్, మెండ్, మళ్లీ స్పిరిట్ లైట్, కుండ వదిలేశా. బార్ ఇంకా సగం ఉంది! మాంక్ హీలర్‌తో ఇదే గేటు దగ్గర ఊపిరాడదు, నమ్మండి.

  

ఇక లోపాలు. శవం లేకపోతే ఈ బిల్డ్‌లో సగం పనిచేయదు. కొన్ని రకాల శత్రువులు చచ్చినా వాడుకునే శవం మిగలదు, అలాంటి చోట్లకి వెళ్లేముందు మినియన్ స్కిల్స్ తీసేసి పూర్తి హీలర్‌గా వెళ్లడమే మంచిది. మినియన్ల హెల్త్ దానంతటదే కరుగుతూ పోతుంది, లేచి ఎంతసేపైతే అంత వేగంగా. శత్రువులు లేని పొడుగాటి దారుల్లో నడిస్తే సైన్యం దారిలోనే రాలిపోతుంది. వాటికి ఆర్డర్ వేసే వీలు లేదు, ఇష్టమొచ్చినట్టు పోయి కొడతాయి. అన్నిటికంటే ముఖ్యం, మనం చస్తే అవి ఎవరి మాటా వినవు, మన పార్టీ మీదే పడతాయి. హీలర్ చచ్చిన కష్టం చాలదన్నట్టు అదొకటి. ఇంకొకటి, నైట్‌ఫాల్‌లో దొరికే ఒలియాస్ అనే హీరో కూడా నెక్రోమాన్సరే, అతనికీ మినియన్ స్కిల్స్ ఇచ్చారంటే ఉన్న శవాల కోసం ఇద్దరూ పోటీ పడతారు, కాబట్టి అతనికి వేరే పని పెట్టండి.

గేమ్ వయసు కూడా తెలుస్తుంది, గెంతడం అనేదే లేదు, చిన్న గట్టు అడ్డమొస్తే చుట్టూ తిరిగి రావాలి. ఊళ్లలో ఒకప్పటి జనం లేరు, నాకు ఆటలో తెలుగువాళ్లు అస్సలు తగల్లేదు. అయితే 2011 నుంచి ఏడుగురు హీరోలని వెంట తీసుకెళ్లనిస్తున్నారు కాబట్టి ఒంటరిగానైనా పూర్తిచేయొచ్చు. హైదరాబాద్ నుంచి పింగ్ (సర్వర్‌కి వెళ్లిరావడంలో ఆలస్యం) ఎక్కువే వస్తుంది, కానీ ఈ హీలర్‌కి రెప్పపాటు రియాక్షన్ అక్కర్లేదు, ముందే ఊహించి వేస్తే సరిపోతుంది. వాన పడితే మా వైపు కరెంటు పోవడం మామూలే, అలా మధ్యలో తెగిపోయినా తిరిగి లాగిన్ అవగానే అదే ఆటలోకి వెళ్తావా అని అడుగుతుంది, ఆ ఒక్క ఏర్పాటుకే దండం పెట్టాలి. పాత లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి పోయి గ్రాఫిక్స్ కార్డు కొనక్కర్లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు క్యారెక్టర్‌ని ఫ్యాక్షన్స్‌లో పుట్టించండి. మొదటి క్యాంపెయిన్ ప్రాఫెసీస్‌లో పుట్టిస్తే రిచువలిస్ట్ వృత్తి కోసం చాలా దూరం వెళ్లాలి, ఫ్యాక్షన్స్ దీవిలో అయితే మొదట్లోనే తీసుకోవచ్చు, లెవెల్ 20 కూడా త్వరగా వస్తుంది. గోలెం లాంటి ఎలైట్లు బాస్‌ని చంపి, సిగ్నెట్ ఆఫ్ క్యాప్చర్‌తో పట్టుకోవాలి, కాబట్టి ఆ సిగ్నెట్ ఒకటి ఎప్పుడూ బార్‌లో ఉంచుకుని తిరగండి. గోలెం చేతికొచ్చేదాకా బోన్ ఫీండ్స్‌తో నడిపించండి, అవి దూరం నుంచి కొడతాయి, త్వరగా చావవు.