తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్ళకు హెచ్చరిక: లోపం తెలిపితే మీ మెయిల్ ఐడీని లోకమంతటికీ చూపిస్తున్నారు

కర్నూలులో శుభలేఖలు, కరపత్రాలు వేసే మిత్రులు చాలామంది ఈ మధ్య కొన్న యూనికోడ్ లేఅవుట్ సాఫ్ట్‌వేర్ గురించే ఇది. పేరు రాయను, ఏదో మీకు తెలుసు. పాత బస్టాండు దగ్గర మా ప్రెస్సులోనూ అదే వాడుతున్నాం. "లక్ష్మి" అని కొడితే తెర మీద చక్కగా ఉంటుంది, పీడీఎఫ్ తీస్తే మకారం ఒత్తు ఊడి పక్కకు జరుగుతుంది. లక్ష్మి అనే పేరు రాని పెళ్ళి కార్డు మన వైపు ఎక్కడుంటుంది? అందుకే సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్న "సమస్య తెలపండి" బటన్ నొక్కి, ఒక్క ఆ మాట మాత్రమే ఉన్న ఫైలు తయారు చేసి పంపాను. ఫారం మెయిల్ ఐడీ అడిగింది. పక్కన "సమాధానం పంపడానికి" అని ఉంది. అది అందరికీ కనిపిస్తుందని ఆ ఫారంలో ఎక్కడా లేదు.

కనిపించింది. నా పేరు, పూర్తి మెయిల్ ఐడీ, నేను వాడుతున్న వెర్షన్ నంబరు, లైసెన్స్ రకం, అన్నీ కంపెనీ సైటులో నా ఫిర్యాదు ఉన్న ఒకే పేజీలో ఉన్నాయి. లాగిన్ అవసరం లేదు, గూగుల్‌లో వెతికినా వస్తోంది. ఆ బటన్ నన్ను అడగకుండానే ఒక లాగ్ ఫైలును (ప్రోగ్రాము తన పనిని నమోదు చేసుకునే ఫైలు) కూడా జత చేసింది. అందులో నా కంప్యూటర్‌లోని ఫోల్డర్ల పేర్లు వరుసగా ఉన్నాయి. మన ప్రెస్సుల్లో ఫోల్డర్లకు ఏ పేర్లు పెడతామో తెలుసు కదా! ఇంటిపేరు, ఊరు, పెళ్ళి తేదీ. నన్ను నమ్మి మ్యాటర్ ఇచ్చిన కుటుంబాల వివరాలు అలా బయటపడ్డాయి.

తరువాత మొదలైంది వరద. మందులు, అప్పులు, లాటరీలు, ఏ భాషో తెలియని ఉత్తరాలు. వీటిని మనుషులు కూర్చుని ఏరుకోరు. పేజీలను తిరగేస్తూ మెయిల్ ఐడీలు పోగుచేసే ప్రోగ్రాములు ఉంటాయి, ఒకసారి వాటికి చిక్కితే ఆ ఐడీ జాబితా నుంచి జాబితాకు అమ్ముడవుతూనే ఉంటుంది. చెత్త అయితే తుడిచేయవచ్చు. నన్ను భయపెట్టింది వేరే ఉత్తరం. "మీరు తెలిపిన లోపాన్ని సరిచేశాం, ఈ ఫైలు దించుకుని ఇన్‌స్టాల్ చేయండి" అని వచ్చింది. అందులో నా ఫిర్యాదు నంబరు సరిగ్గా ఉంది, నా వెర్షన్ ఉంది, "లక్ష్మి" కూడా ఉంది. మా ఆపరేటర్ కుర్రవాడు పంపినవారి చిరునామాలో ఒక అక్షరం ఎక్కువ ఉన్నట్టు గమనించబట్టి ఆగాం. లేకపోతే ప్రెస్సులోని కంప్యూటర్లన్నీ ఎవరి చేతిలోకి పోయేవో.

నష్టం మాత్రం ఇంకో దారిన వచ్చింది. ఆదోని వాళ్ళ పెళ్ళికి పురోహితుడు ముహూర్తం మార్చారు. పెళ్ళికూతురి తండ్రి సవరించిన మ్యాటర్ మెయిల్ చేశారు. విషయం గడి ఖాళీ, ఒక ఫైలు జత. చెత్తతో పాటు అది కూడా స్పామ్‌లో పడింది. పాత ముహూర్తంతోనే కార్డులు అచ్చయ్యాయి. ఆయన కట్ట విప్పి పైకార్డు చదివి, "ఏమప్పా, మార్చి పంపాం కదా" అన్నారు. కోపంగా అనలేదు, అదే మరీ కష్టంగా ఉంది. కాగితం, సిరా, రాత్రి కూలి అన్నీ భరించి మళ్ళీ వేసి ఇచ్చాం.

ఇదంతా పోనీ అనుకుందాం. ఆ కంపెనీకి ఫోన్ చేసినప్పుడు వచ్చిన జవాబు మాత్రం నాకు ఇంకా మింగుడు పడడం లేదు. ఆ పేజీ నుంచి నా ఐడీ, లాగ్ ఫైలు తీసేయమని అడిగాను. అవతలి వ్యక్తి తాపీగా "మీరే కదా సార్ ఇచ్చారు" అన్నాడు. అందరికీ చూపిస్తారని ఎక్కడ చెప్పారని అడిగితే, "మీ షాపు బోర్డు మీద కూడా మెయిల్ ఐడీ రాసుకుంటారు కదా, ఇక్కడ కనిపిస్తే నష్టమేమిటి?" అన్నాడు. తొలగించడం కుదరదట, రికార్డు చెడిపోతుందట. నేను మాట్లాడుతుండగానే లైన్ పెట్టేశాడు.

బోర్డుకూ దీనికీ తేడా తెలియనివాడు సాఫ్ట్‌వేర్ అమ్మకూడదు. బోర్డును చూసేది ఆ వీధిలో నడిచేవాళ్ళు. పైగా నేను ఏ ప్రోగ్రాము వాడుతున్నానో, అందులో ఏది పాడైందో, ఎవరి జవాబు కోసం ఎదురుచూస్తున్నానో బోర్డు చెప్పదు. ఐడీకి ఆ మూడూ కలిపితే మోసగాడికి ఉత్తరం సగం రాసిచ్చినట్టే.

ఇది తప్పించుకోలేని పరిస్థితి అని నమ్మకండి. సాఫ్ట్‌వేర్ లోపాలను నమోదు చేసుకునే వ్యవస్థ, 1998 నుంచి ఉన్న బగ్‌జిల్లాలో లాగిన్ కానివాళ్ళకు ఐడీలో @ గుర్తుకు ముందు భాగం మాత్రమే కనిపిస్తుంది. ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్‌లో చిరునామా బహిరంగంగానే ఉంటుంది, కానీ లోపాలు తెలపడానికి వాళ్ళిచ్చే ప్రోగ్రామే ఆ సంగతి చెబుతుంది. ప్రోగ్రాముల కోడ్ పెట్టుకునే సైటు గిట్‌హబ్ అయితే అసలు ఐడీ దాచుకుని వాళ్ళిచ్చే మారు చిరునామా వాడుకోనిస్తుంది. డబ్బు తీసుకోకుండా ఇచ్చే డెబియన్ వాళ్ళు చేసే పాటి మర్యాద, మన దగ్గర లైసెన్స్ డబ్బు పుచ్చుకున్నవాళ్ళు చేయలేరా? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా సమ్మతి అడిగేటప్పుడు ఏ వివరం ఎందుకు తీసుకుంటున్నారో తెలపాలనే అంటుంది. "సమాధానం పంపడానికి" అని తీసుకుని గోడకు అంటించడం ఏ లెక్కలోకి వస్తుంది?

ఈ రాత్రికి కూడా ఆ పేజీ అలాగే ఉంది. రాతపూర్వకంగా మళ్ళీ అడిగాను, జవాబు లేదు.

ఇదే సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్ళు లాగౌట్ అయి, మీరు పంపిన ఫిర్యాదు పేజీ తెరిచి ఏమేమి కనిపిస్తున్నాయో ఇప్పుడే చూడండి. ఇకపై ఫిర్యాదులకు వేరే మెయిల్ ఐడీ పెట్టుకోండి, జత అయ్యే లాగ్ ఫైలును ముందు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవండి. సవరణ వచ్చిందని మెయిల్ వస్తే అందులోని లింకు నొక్కకుండా కంపెనీ సైటులోనే వెతకండి. ఎవరికైనా ఇలాంటి ఉత్తరం వల్ల డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. నాలాగే తొలగించమని అడిగినవాళ్ళు ఉంటే కింద రాయండి, అందరం కలిసి ఒకే ఫిర్యాదు పెడదాం.