వైజాగ్‌లో జిమ్‌లో చేరబోతున్నవాళ్లకు జాగ్రత్త: ఫేస్ మెషిన్, బ్యాండు, "అకౌంటబిలిటీ ప్యాకేజీ"

జిమ్ మెంబర్‌షిప్ తీసుకోబోతున్న వైజాగ్ వాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, డబ్బు కట్టేముందు దయచేసి ఇది చదవండి. ఎంవీపీ కాలనీ వైపు ఉండేవాళ్లకు ఏ జిమ్ గురించి చెబుతున్నానో ఈపాటికే అర్థమై ఉంటుంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాను కాబట్టి పేరు మాత్రం రాయడం లేదు.

ఆరు నెలలకు 18,000 రూపాయలు, అంతా ముందే కట్టించుకున్నారు. మామూలు ప్యాకేజీ కంటే ఇది బాగా ఎక్కువ. దీనికి "అకౌంటబిలిటీ ప్యాకేజీ" అని పేరు. ఇందులో గుండె వేగం, నిద్ర లెక్కపెట్టే బ్యాండు చేతికి ఇస్తారు, గుమ్మం దగ్గర ఫేస్ మెషిన్‌లో హాజరు పడుతుంది, వారానికోసారి బాడీ స్కాన్ మెషిన్ ఎక్కిస్తారు, రాకపోతే ట్రైనర్ ఫోన్ చేసి ఎందుకు రాలేదని అడుగుతాడు. షుగర్ బోర్డర్‌లో ఉంది, నడవండి, కండ పెంచండి అని డాక్టరు గట్టిగా చెప్పారు. మా ఆయన మర్చంట్ నేవీలో ఉన్నారు, ఏడాదిలో ఎక్కువ నెలలు షిప్‌లోనే. పాప హాస్టల్లో ఉంది. లేవండి, రండి అని వెంటపడి అడిగే మనిషి ఒకరుంటే మంచిదని ఈ ప్యాకేజీ తీసుకున్నాను. అలా అడిగించుకోవడంలో తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను.

ఈమధ్య మా అత్తగారికి ఒంట్లో బాగోలేక ఆసుపత్రిలో చేర్చాం. రాత్రుళ్లు ఆవిడ మంచం పక్కన నేనే ఉన్నాను. జిమ్‌కు రాలేనని ట్రైనర్‌కు మెసేజ్ కూడా పెట్టాను. అయినా సరే, ఆ వారం చివర్లో జిమ్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. పైన "ఈ వారం బద్ధకం బ్యాచ్" అని ఎర్ర అక్షరాలు. కింద మా నలుగురి ముఖాలు. ఫేస్ మెషిన్ తీసిన ఫొటోలవి. కింది నుంచి పైకి తీసినట్టుంటాయి, చెమట, చెదిరిన జుట్టు, పక్కకు జారిన చున్నీ, అన్నీ కనబడుతున్నాయి. నా ముఖం కింద నా బరువు, కొవ్వు శాతం, హాజరు సున్నా. దాని కింద బ్యాండు లెక్క: రాత్రి నిద్ర రెండు గంటలు.

ఆ రెండు గంటల నిద్ర ఆసుపత్రి కుర్చీలో పోయిన నిద్ర. దాన్ని బద్ధకం కింద వేశారు. ఆ గ్రూపులో మా అపార్ట్‌మెంట్ మగవాళ్లున్నారు, పాపకు ట్యూషన్ చెప్పిన మాస్టారున్నారు. నవ్వే బొమ్మలు పెట్టినవాళ్లూ ఉన్నారు.

మర్నాడు వెళ్లి కౌంటర్ దగ్గర అడిగాను. మేనేజర్ కుర్చీలోంచి లేవకుండానే, "అకౌంటబిలిటీ కోసమే కదా మేడమ్ ఎక్స్‌ట్రా కట్టారు? నలుగురిలో సిగ్గుపడితేనే కదండీ జనం మారతారు" అన్నాడు. నా బరువు నలుగురిలో పెట్టమని నేనెక్కడ సంతకం పెట్టాను అన్నాను. ఫారంలో ఉందన్నాడు. ఫారం తీయించి, అక్కడే నిలబడి రెండు వైపులా చదివాను. "ప్రచారానికి ఫొటోలు వాడుకోవచ్చు" అని ఇంగ్లిష్‌లో చీమ తలకాయంత అక్షరాలతో ఒక్క లైను ఉంది. బరువు గురించి గానీ, నిద్ర గురించి గానీ, బ్యాండు గురించి గానీ ఒక్క ముక్క లేదు.

అయితే నా వివరాలన్నీ తీసేయండి, నా ముందే తీసేయండి అన్నాను. అసలు విషయం అప్పుడు బయటపడింది. "మీ డేటా అంటే ఇంతే మేడమ్, ఏముంది ఇందులో, చూడండి" అంటూ కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు. మానిటర్ అంచుకు పసుపు చీటీ మీద పాస్‌వర్డ్ రాసి అంటించి ఉంది. తెర మీద ఎక్సెల్ షీటు. పేరు, ఫోన్, ఫ్లాట్ నంబరు, వయసు, బరువు, బ్యాచ్. చివర్లో రిమార్క్స్ అని ఒక కాలమ్. వరసగా మెంబర్ల పేర్లకు ఎదురుగా: "థైరాయిడ్." "డివోర్స్ అయింది." "పిల్లల కోసం ట్రీట్‌మెంట్ నడుస్తోంది." నా పేరుకు ఎదురుగా: "హస్బెండ్ షిప్. పాప హాస్టల్. ఇంట్లో ఒక్కరే."

చదవగానే చేతులు వణికాయి. పొద్దున బ్యాచ్‌కు ఎందుకు రారని ట్రైనర్ అడిగితే మాటల్లో చెప్పిన సంగతి అది. ఆ అబ్బాయి మంచివాడే, మర్యాదగా మాట్లాడతాడు. కానీ అది తీసుకెళ్లి షీటులో రాశారు. ఇది ఎవరు రాయమన్నారు అని అడిగితే, "పర్సనల్ టచ్ కోసం ట్రైనర్లు రాస్తారు మేడమ్" అన్నాడు మేనేజర్. తీసేయమని మళ్లీ అడిగాను. అప్పుడన్న మాట ఇప్పటికీ చెవుల్లోనే ఉంది: "మీ ముఖం, మీ బరువు పెట్టుకుని ఎవరేం చేసుకుంటారు మేడమ్? ఏటైపోద్ది? మీరేమైనా హీరోయినా?"

ఏమవుతుందో నేను చెబుతాను. ఆ షీటులో మా ఫ్లాట్ నంబరుంది, నేను ఒంటరిగా ఉంటానని ఉంది. రాత్రి ఎన్నింటికి నిద్రపోతానో, ఎన్నింటికి లేస్తానో బ్యాండు చెబుతుంది. ఏ టైములో ఇంట్లో ఉండనో ఫేస్ మెషిన్ చెబుతుంది. పాస్‌వర్డ్ చీటీ మీద ఉంది. మూణ్నెల్లకో కొత్త ట్రైనర్ వచ్చే చోటు అది. కౌంటర్ దగ్గర నిలబడిన ఎవరైనా ఫోన్‌తో ఒక్క ఫొటో తీసుకుంటే చాలు. నా కంటే చిన్న ఆడపిల్లలు, గదుల్లో అద్దెకుండి ఉద్యోగాలు చేసుకునేవాళ్లు ఆ షీటులో ఎంతోమంది ఉన్నారు. మానేసి ఏళ్లయినవాళ్ల ఫొటోలు కూడా అలాగే ఉన్నాయి. మా పక్క బ్లాకులో ఉండి, పెళ్లయి బెంగళూరు వెళ్లిపోయిన అమ్మాయి ముఖం కూడా అందులో చూశాను.

సరే, ఈ డేటాకు మీలో బాధ్యులెవరు, పేరు చెప్పండి అన్నాను. సార్ ఊళ్లో లేరట. సాఫ్ట్‌వేర్ హైదరాబాద్ వాళ్లదట. మెషిన్ పెట్టినవాడు వేరేవాడట. బ్యాండు యాప్ కంపెనీదట. గ్రూపులో ఫొటో పెట్టింది సోషల్ మీడియా చూసుకునే అమ్మాయట. నేను ఒక్క రోజు రాకపోతే కారణం చెప్పాలి. నా ఒంటి లెక్కలు ఊరంతా తిరిగితే కారణం చెప్పే మనిషి ఆ బిల్డింగులో ఒక్కరూ లేరు. నా కోపమంతా దీని గురించే. 18,000 రూపాయల గురించి కాదు. ఆ డబ్బు కూడా వెనక్కి ఇవ్వలేమన్నారనుకోండి, రిఫండ్ లేదని రసీదు మీద స్టాంపు ఉందట.

బ్యాండు సంగతి ఇంకా ఘోరం. ఇచ్చిన రోజు యాప్ వాళ్లే పెట్టారు, జిమ్ ఈమెయిల్‌తో లాగిన్ చేశారు. అప్పుడది సాయం చేస్తున్నట్టే అనిపించింది. ఇప్పుడు నా గుండె వేగం, నా నిద్ర, నా నెలసరి తేదీలు చెరిపేసుకోవాలంటే నాకే దారి లేదు. ఖాతా వాళ్లది. బ్యాండు తీసి వాళ్ల టేబుల్ మీదే పెట్టి వచ్చాను. ఇన్నాళ్ల లెక్కలు మాత్రం వాళ్ల దగ్గరే ఉన్నాయి.

జిల్లా కోర్టులో ప్రాక్టీస్ చేసే మా పిన్ని కొడుకు చెబితే తెలిసిందేమిటంటే, ఇది ఏదో మర్యాదకు సంబంధించిన గొడవ కాదు. వేలిముద్ర, ముఖం లాంటి బయోమెట్రిక్ వివరాలు, ఆరోగ్య వివరాలు సున్నితమైన వ్యక్తిగత సమాచారమని ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం కింద 2011లో వచ్చిన రూల్స్‌లోనే ఉంది. తీసుకోవాలంటే ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి రాతపూర్వకంగా సమ్మతి అడగాలి. ఇవ్వనని చెప్పే అవకాశం ఉండాలి, ఇచ్చిన సమ్మతిని తర్వాత వెనక్కి తీసుకునే అవకాశం కూడా ఉండాలి. ఫిర్యాదులు చూసే అధికారి పేరు బయట పెట్టాలి, ఆయన నెల లోపల తేల్చాలి. చిన్న వ్యాపారమైనా సరే ఇవి వర్తిస్తాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఇంకా సూటిగా ఉంది: కొనుగోలుదారు నమ్మి చెప్పిన వ్యక్తిగత సమాచారాన్ని చట్టం ఒప్పుకోని పద్ధతిలో ఇంకొకరికి బయటపెడితే అది అనుచిత వ్యాపార పద్ధతి. నా బరువు గ్రూపులో పెట్టడం అంటే అదే కదా.

2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం కూడా వచ్చింది. దాని రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, వ్యాపారాల మీద పడే ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. అవి అమల్లోకి వచ్చాక, సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడం అంత తేలికగా ఉండాలి, డేటా చెరిపేయమని అడిగే హక్కు ఉంటుంది, భద్రతలో లోపానికి 250 కోట్ల దాకా జరిమానా పడవచ్చు. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి, పిల్లల కదలికల్ని ట్రాక్ చేయడానికి వీల్లేదు. ఈ జిమ్‌లో ఇంటర్ చదివే పిల్లలు బోలెడుమంది ఉన్నారు, అందరికీ అదే మెషిన్, అదే బ్యాండు. గడువుంది కదా అని వాళ్లు ఇప్పుడు ఇష్టం వచ్చినట్టు చేయడానికి లేదు, అప్పటిదాకా 2011 రూల్స్ ఉన్నాయి.

ఇంకో మాట, మన ఊరికి ప్రత్యేకంగా. ఇది తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న ఊరు. నేవీలో, డాక్‌యార్డ్‌లో పనిచేసేవాళ్లు, వాళ్ల కుటుంబాలు ప్రతి కాలనీలో ఉన్నారు. 2017 నవంబరులో స్ట్రావా అనే ఫిట్‌నెస్ యాప్ బయటపెట్టిన మ్యాపులో, సైనికులు పరుగెత్తిన దారుల వల్ల వేరే దేశాల్లోని సైనిక స్థావరాల ఆకారాలే కనబడుతున్నాయని 2018 జనవరిలో బయటపడింది. ఎవరూ దొంగతనం చేయలేదు, యాప్ వాళ్లే పోగైన లెక్కల్ని ప్రపంచానికి చూపించారు. అలాంటిది, బీచ్ రోడ్డులో ఎవరు ఎంత నడిచారో మ్యాపుతో సహా గ్రూపులో పెట్టే ఈ జిమ్‌కు, అందులో ఎవరి ఇల్లు ఎక్కడుందో తెలిసిపోతుందన్న స్పృహ కూడా లేదు.

ఆధార్ జిరాక్స్ కూడా తీసుకున్నారు. ఇంతకు ముందు వేలిముద్ర మెషిన్ ఉండేది, పాత మెంబర్ల వేళ్లు అందులో ఉన్నాయి. అలాంటి మెషిన్లలో వేలి బొమ్మ ఉండదు, గీతల కొలతలే కోడ్‌గా ఉంటాయని చెబుతారు. చాలా మెషిన్లు అలాగే పనిచేస్తాయి కూడా. కానీ స్థలాల రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రల నుంచి నకిలీ ముద్రలు చేసి, వేలిముద్రతో డబ్బు తీసుకునే ఆధార్ చెల్లింపుల దారిలో బ్యాంకు ఖాతాల్లోంచి డబ్బు లాగేసిన కేసులు మన తెలుగు రాష్ట్రాల్లోనే జరిగాయి. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. వేలు, ముఖం మార్చుకోలేం. అందుకే నిన్న రాత్రే ఆధార్ సైటులో నా బయోమెట్రిక్ లాక్ చేసుకున్నాను. ఫోన్‌లో ఆధార్ యాప్‌లోనూ చేసుకోవచ్చు, అవసరమైనప్పుడు తెరుచుకోవచ్చు. మీరూ చేసుకోండి. ఎక్కడైనా ఆధార్ కాపీ ఇవ్వక తప్పకపోతే చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ కాపీ ఇవ్వండి.

చేరేముందు ఒకటే అడగండి: ఫేస్ మెషిన్ వద్దు, కార్డు ఇవ్వండి, రిజిస్టరులో సంతకం పెడతాను అని. ఒప్పుకోకపోతే వచ్చేయండి, వేరే జిమ్‌లున్నాయి. బ్యాండు యాప్‌లో మీ ఈమెయిల్‌తోనే లాగిన్ అవ్వండి. ట్రైనర్ ఎంత మంచివాడైనా ఇంటి సంగతులు చెప్పకండి.

రాతపూర్వకంగా సమ్మతి వెనక్కి తీసుకుంటూ, అన్నీ చెరిపేసి ఆ మాట కాగితం మీద ఇవ్వాలని స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్‌తో ఉత్తరం పంపాను. అది అందిన రాత్రే నన్ను గ్రూపులోంచి తీసేశారు, ఆ ఫొటో కూడా డిలీట్ చేశారు. నా దగ్గర స్క్రీన్‌షాట్ ఉంది. ఇప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కాగితాలు సిద్ధమవుతున్నాయి. కట్టిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా లేదు.

ఆ జిమ్‌లో ఉన్నవాళ్లు, మానేసినవాళ్లు, గ్రూపులో మీ ఫొటో గానీ బరువు గానీ వచ్చి ఉంటే తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, వాళ్లు డిలీట్ చేస్తున్నారు. నాతోపాటు ఫిర్యాదులో చేరాలనుకునేవాళ్లు నాకు విడిగా మెసేజ్ పెట్టండి. ఉత్తరం నమూనా కావాలన్నా పంపుతాను, పేరు, తేదీ మార్చుకుని మీరూ పంపుకోవచ్చు. మీ పేరు మీ అనుమతి లేకుండా ఎవరికీ చెప్పను.