ఫోన్ తీగ మీద నెట్: మోడెంలో నాకు బాగా నచ్చిన పేజీ

విజయనగరం రింగ్ రోడ్డు వైపు మా ఇల్లు. ల్యాండ్‌లైన్ మీద వచ్చే ఏడీఎస్ఎల్ నెట్ ఏళ్లుగా వాడుతున్నాం. ప్లాన్లు, స్పీడు సంగతి అందరికీ తెలిసిందే. నేను చెప్పాలనుకున్నది మోడెంలో ఉండే, తీగ ఎంత బాగుందో అంకెల్లో చూపించే లైన్ స్టేటస్ పేజీ గురించి. చాలామంది దాన్ని తెరిచి కూడా చూడరు.

ఒక ఏడాది పైడితల్లి పండగ రోజుల్లో ముసురు పట్టింది. ఫోన్ మోగితే చాలు, నెట్ పోయేది. మాట మాత్రం శుభ్రంగా వినిపించేది. కంప్లైంట్ ఇస్తే "ఫోన్ బాగానే ఉంది కదండీ, మీ మోడెం పోయుంటుంది" అన్నారు. మాటనీ నెట్‌నీ విడదీసే స్ప్లిట్టర్ మార్చాం. పక్కింటి మోడెం తెచ్చి తగిలించాం. అదే తంతు.

మాటకి 4 కిలోహెర్ట్జ్ లోపు సరిపోతుంది. నెట్ అదే తీగలో 25 నుంచి 1100 కిలోహెర్ట్జ్ దాకా, వందల సన్నటి పాయలుగా నడుస్తుంది. ఏ పాయలో రొద పెరిగితే దాని మీద మోడెం తక్కువ బిట్లు వేస్తుంది. కాబట్టి మాట బాగుందంటే లైన్ బాగున్నట్టు కాదు. రొదని తట్టుకోవడానికి ఎంత వెసులుబాటు మిగిలిందో ఆ పేజీలో ఎస్ఎన్ఆర్ మార్జిన్ చెబుతుంది. మామూలుగా 6 డెసిబెల్స్ అయినా ఉండాలి. వాన పడితే మాది 3కి జారేది.

ఆ అంకె చూపించాకే లైన్‌మన్ గారు స్తంభం ఎక్కారు. ఇళ్లకి తీగలు చీలే డీపీ బాక్సులో మా జాయింట్ పచ్చగా చిలుం పట్టి ఉంది. "గంట మోగేటప్పుడు వచ్చే వోల్టేజీ ఎక్కువ బాబూ, మాటకి ఆగిన జాయింట్ దానికి ఆగదు" అన్నారు. కొసలు కత్తిరించి, కొత్త కనెక్టర్ వేశారు. మార్జిన్ 11కి ఎక్కింది. నాకెంత సంతోషం వేసిందో!

అయితే ఆ పేజీ జబ్బు ఉందని చెబుతుంది గానీ ఎక్కడుందో చెప్పదు. స్తంభం ఎక్కే మనిషి దొరకాలి. కరెంటు పోయినా ఫోన్ పలుకుతుందని మొదట్లో మెచ్చుకునేవాణ్ణి. ఫోన్‌కి ఎక్స్ఛేంజీ నుంచి 48 వోల్టులు తీగలోనే వస్తాయి, నిజమే. మోడెంకి మాత్రం ఇంటి కరెంటే దిక్కు.

మా ఇల్లు ఎక్స్ఛేంజీకి దగ్గర, పైగా నాన్నగారు ఆ నంబరు వదలనంటారు. అందుకని మాకు చెల్లుతోంది. తీగ దూరం నాలుగైదు కిలోమీటర్లు దాటిన ఇంటికి దీన్ని తీసుకోమని చెప్పలేను. అప్‌లోడ్ ఒక ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది. అబ్బాయి ఇంటి నుంచి ఆఫీసు పని చేసే రోజుల్లో మొబైల్ హాట్‌స్పాటే వాడుకుంటాడు.